అరచేతిలో ఉగ్గాని

ఆదోని,
4 ఆగస్టు 2024, ఆదివారం.

గౌరవనీయులైన నూట ఇరవై ఎనిమిది కిలోల జయరాం గారి సముఖానికి,

ఎనభై ఒక్క కిలోల ఉమేర్ వినయంగా విన్నవించుకునేది ఏమంటే, నీకు ఉత్తరం రాస్తున్నాను. నవ్వకు. ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య గంట బస్సు ప్రయాణం. ఇద్దరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. అయినా నేను కాగితం మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నానంటే దానికి కారణం కర్నూలులోని మహాదేవి మేడం. నా కడుపుకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో నా తిండి మీద పెత్తనం ఆమెదే.

మొన్న పదహారో నెల చెకప్‌కు పోతే, "రోజూ తిన్నది పుస్తకంలో రాస్తున్నావా?" అని అడిగింది. "రాస్తున్నాను మేడం" అని పుస్తకం తీసి ఇచ్చాను. నాలుగు నెలల తిండి ఒకే పెన్నుతో, ఒకే రంగులో, గుంత వచ్చినచోటల్లా అక్షరం ఎగిరిపడుతూ ఉంది. కర్నూలు బస్సులో రాసిన సంగతి పుస్తకమే సాక్ష్యం చెప్పింది. ఆమె కోప్పడలేదు. "పుస్తకాన్ని మోసం చేయడం సులువు. నిన్ను బాగా ఎరిగిన మనిషికి ఉత్తరం రాయి. చేత్తో రాయి. రాసేంతసేపు ఆ చెయ్యి ఇంకో పని చేయలేదు" అంది.

నన్ను బాగా ఎరిగిన మనిషి ఎవరా అని ఆలోచించాను. డిగ్రీలో మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని, రెండో ఏడాది ఆ బెంచీని విరగ్గొట్టిన చరిత్ర మనిద్దరిదే కదా. కాబట్టి నువ్వే.

పోస్టులో వేస్తే ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో చెప్పలేను. అందుకని ఎమ్మిగనూరు బస్సు నడిపే ఉచ్చీరప్పన్నతో పంపుతున్నాను. ఆయన రోజూ పొద్దున మా అబ్బా, అదే మా నాయన, నడిపే హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జి తినకుండా స్టీరింగ్ ముట్టుకోడు. మోత కూలి: ఉత్తరానికి ఒక మిరపకాయ బజ్జి.

ఇక లెక్కలు. పొద్దున రెండు గుడ్లు. మధ్యాహ్నం చికెన్ మూడు ముక్కలు, అర గిన్నె పప్పు. రాత్రి పెరుగు, గుప్పెడు ఉడికించిన శనగలు. తినేటప్పుడు నీళ్లు తాగను. ఒక్కో ముద్ద ఇరవైసార్లు నములుతాను. నా కడుపిప్పుడు ఒక అరటికాయంత గొట్టం. నూట ముప్పై రెండు కిలోల మనిషిని ఆ గొట్టంలో దూర్చి ఎనభై ఒకటి చేశారు. చరిత్రలో ఇది నమోదు కావాల్సిన విషయం.

ఇట్లు,
ఎనభై ఒక్క కిలోల ఉమేర్

*

ఎమ్మిగనూరు,
9 ఆగస్టు.

ఒరేయ్ సన్నోడా,

ఉచ్చీరప్పన్న నీ ఉత్తరాన్ని మా అద్దకం షెడ్డు దాకా వచ్చి ఇచ్చిపోయాడు. అప్పుడు నా చేతులు మోచేతుల దాకా నీలం రంగులో ఉన్నాయి. కాబట్టి నీ చరిత్రాత్మక లేఖ మొదటి పేజీ మీద నా వేలిముద్రలు పడ్డాయి. రేపు ఏ నేరం జరిగినా పోలీసులకు పని తక్కువ.

నువ్వు రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను. నాకు జోకులు రావు. మోకాళ్లు నొప్పి. ఆరు నెలల కిందట షుగర్ కూడా వచ్చింది. షేర్ ఆటోలో నేనెక్కితే డ్రైవరు ఇంకొకరి కోసం ఎదురుచూడడు, ఇద్దరెక్కినట్టే లెక్క కట్టి బండి తీస్తాడు. రంగు తొట్టి దగ్గర నూలు చిలపల కట్టలు ముంచి ఎత్తేసరికి ఆయాసం. మా నాయన నరసన్న నీకు తెలుసు, ముప్పై ఏళ్లుగా నూలుకు రంగులేస్తున్న మనిషి, ఒక మాట అంటే తిరిగి మార్చడు. నేను ఆపరేషన్ మాట ఎత్తితే, "కడుపు కోయించుకునే బదులు నోరు కుట్టించుకోరాదా? ఖర్చు కూడా తక్కువైతాది" అన్నాడు.

అందుకే అడుగుతున్నాను. జోకులు పక్కన పెట్టి మూడింటికి జవాబు రాయి. ఒకటి, ఆకలేస్తుందా? రెండు, తినాలనిపిస్తుందా? ఈ రెండూ ఒకటి కావని నాకు తెలుసు. మూడు, ఉగ్గాని హోటల్లో పొద్దుందాకా నిలబడి ఎట్లా తట్టుకుంటున్నావు?

జయరాం

*

ఆదోని,
15 సెప్టెంబరు.

అద్దకపు చక్రవర్తీ,

జవాబు ఆలస్యమైంది. హోటల్లో పని. నీ మూడు ప్రశ్నలకు క్రమశిక్షణతో సమాధానాలు సమర్పించుకుంటున్నాను.

ఆకలి: మొదటి ఏడాది లేదు. అడ్రసు ఇవ్వకుండా ఊరు వదిలి పోయింది. ఈమధ్య అప్పుడప్పుడు వచ్చి గడప దగ్గర చెప్పులు విడుస్తోంది. మేడం అది మామూలేనంది.

తినాలనిపించడం: నేను మనిషినే కదప్పా.

హోటల్: ఇక్కడ నీ అనుమానం అవమానకరంగా ఉంది. నేను అక్కడ తినడానికి లేను, అధికార హోదాలో ఉన్నాను. మా దాదా, అబ్బాకు నాయన, పెట్టిన పద్ధతి ఒకటుంది. మార్కెట్ యార్డు గేటు ఎదురుగా ఆయన పొయ్యి వెలిగించిన రోజే చెప్పాడట: "ఇంటి మనిషి నోట్లో పెట్టుకోంది బయటి మనిషికి పెట్టగూడదు." అప్పటినుంచి బాండలి దిగగానే మా ఇంట్లో ఒకరు ఉప్పు చూడాల్సిందే. ఆ తర్వాతే అమ్మకం. దాదా తర్వాత అబ్బా చూసేవాడు. అబ్బాకు బీపీ వచ్చి డాక్టరు ఉప్పు మాన్పించాక ఆయన నాలుక చెడింది. ఇప్పుడు దేన్ని నోట్లో పెట్టినా "సముద్రం, సముద్రం" అంటాడు. ఆ నాలుకను నమ్మి ఒక నెల నడిపితే పత్తి బస్తాలు మోసే హమాలీలు తిరగబడ్డారు. మారెమ్మత్తకు చేతిలో మంచి రుచి ఉంది, బొరుగులు నానబెట్టి పిండడంలో ఆమెను మించినవాళ్లు లేరు. కానీ ఆమె ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నా ఇంటి మనిషి కాదు, పద్ధతి ఒప్పుకోదు. కాబట్టి ఆ బాధ్యత నా నాలుక మీద పడింది. ఉప్పు చూసే అధికారిని నేను. అరచేతిలో కొంచెం వేసుకుంటాను, నోట్లో వేసుకుంటాను, తల ఊపుతాను. తల ఊపితే మార్కెట్ యార్డు తింటుంది.

అది తిండి కాదు. ఆ విషయంలో మా ఇంట్లో రెండో అభిప్రాయం లేదు. పళ్లెంలో పెట్టుకుని కూర్చుని తిన్నది తిండి, అరచేతిలో నిలబడి తిన్నది ఉప్పు చూడటం. పైగా బొరుగులు. గాలికి ఎగిరిపోయేవి మనిషిని బరువెక్కిస్తాయా?

నరసన్న మామకు నా సలాములు. నోరు కుట్టే డాక్టరు దొరికితే మా హోటల్ మూతపడుతుందని చెప్పు.

ఉమేర్

*

ఎమ్మిగనూరు,
27 సెప్టెంబరు.

ఉమేరూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సంతకంలో కిలోలు ఎక్కడ పడిపోయాయి? బస్సులోనా?

సరే, నా సంగతి విను. నీకు చెప్పకుండా ఒక పని చేశాను. కర్నూలుకు పోయి నీ డాక్టరుకే చూపించుకున్నాను. రక్తం, గుండె, ఎక్సరే అన్నీ అయ్యాయి. మహాదేవి మేడం నన్ను గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. నీ పేరు చెబితే నవ్వింది, కానీ నీ సంగతులేమీ చెప్పలేదు, చెప్పకూడదట. తేదీ ఇచ్చారు. జనవరి ఇరవైన చేరాలి.

మా నాయన రెండు రోజులు అన్నం షెడ్డుకే తెప్పించుకున్నాడు. మూడో రోజు నేనే అన్నాను: "ఉమేరును చూడు నాయనా. నూట ముప్పై రెండు నుంచి ఎనభై ఒకటి. రోజంతా బాండలి ముందర నిలబడి కూడా చలించకుండా ఉండాడు." నీ ఉత్తరాలు చదివి వినిపించాను. బెంచీ దగ్గర నవ్వాడు. ఎనభై ఒకటి దగ్గర తలెత్తి చూశాడు.

నిన్ను చూసే తేదీ తీసుకున్నాను రా. అందుకే అడుగుతున్నాను. కిలోలు ఎక్కడ?

జయరాం

*

ఎమ్మిగనూరు,
8 నవంబరు.

ఉమేర్,

ఆరు వారాలు. ఉచ్చీరప్పన్న రోజూ ఖాళీ చేతులూపుకుంటూ వస్తున్నాడు. ఫోన్ చేస్తే "రష్షు, మళ్లీ చేస్తా" అంటావు.

ఈ కవరులో తెల్ల కాగితం పెట్టాను. కాగితం లేక రాయలేదేమోనని.

జయరాం

*

ఆదోని,
17 నవంబరు, ఆదివారం.

జయరామా,

నీ తెల్ల కాగితం మీదే రాస్తున్నాను.

నేను ఎనభై ఒకటి కాదు. ఆగస్టులో నీకు మొదటి ఉత్తరం రాసినప్పుడే ఎనభై ఆరు. ఎనభై ఒకటి ఏప్రిల్ నాటి సంగతి, ఒక్క వారం ఉండి పోయింది. ఆ ఒక్క వారాన్ని ఫొటో కట్టించుకున్నట్టు అందరికీ చూపించుకుంటూ తిరిగాను. ఇప్పుడు తొంభై ఒకటి. నిన్న పొద్దున చూశాను. మిషన్ చెడిపోయిందేమోనని గ్యాసు సిలిండర్ కూడా పెట్టి తూచాను. మిషన్ బాగానే ఉంది.

నువ్వు తేదీ తీసుకున్నావని చదివినప్పుడు ఉత్తరాన్ని మడిచి బొరుగుల బస్తా కింద పెట్టేశాను. ఆరువారాలూ ఆ బస్తా దగ్గరికి మారెమ్మత్తనే పంపాను. నన్ను చూసి నువ్వు కడుపు కోయించుకోబోతున్నావు, నేనేమో బాండలి పక్కన నిలబడి మళ్లీ పాత మనిషిని తయారు చేసుకుంటున్నాను. దీనికి జోకు దొరకలేదు. వెతికాను.

మొన్న గురువారం ఒక పని చేశాను. మూడు పూటలూ నేను తిన్నది లెక్కిస్తే పెరగడానికి కారణం కనబడదు. గుడ్లు సరిగ్గా రెండే. చికెన్ సరిగ్గా మూడు ముక్కలే. ఆ లెక్కలో అబద్ధం లేదు, నువ్వు నమ్మాలి. మరి ఈ పది కిలోలు ఎవరు తిన్నారు? మేడం ఇచ్చిన గ్రాముల త్రాసు హోటల్‌కు తీసుకుపోయాను. పక్కన ఒక ఖాళీ గిన్నె పెట్టుకున్నాను. ఉప్పు చూసిన ప్రతిసారీ అరచేతిలో ఎంత వేసుకున్నానో అంతే ఇంకోసారి తీసి ఆ గిన్నెలో వేశాను. బజ్జీ కారం చూసి కొరికితే దాని తోడు ముక్క గిన్నెలోకి. పప్పుల పొడి సరిపోయిందా అని రెండోసారి చూస్తే దాని తోడు కూడా. పొద్దున అయిదు నుంచి పదకొండు దాకా పద్ధెనిమిది బాండలీలు దిగాయి.

పదకొండు గంటలకు మారెమ్మత్త గిన్నె చూసింది.

"ఇదెవురి పార్సిలు నాయనా?"

"నాదే అత్తా."

"నీదా? నలుగురు తింటారు దీన్ని. ఇంటికి సుట్టాలొచ్చినారా?"

త్రాసు మీద పెట్టాను. ఏడువందల ఇరవై గ్రాములు. నా కడుపు ఒక పూటకు పట్టేది నూట యాభై. ఇంత ఎట్లా పట్టిందంటావా? మేడంకు ఫోన్ చేస్తే చెప్పింది. నానిన బొరుగులు మెత్తన కదా, గొట్టంలో ఆగవు, జారిపోతాయి. కడుపు నిండిన సంగతే తెలియదు. మాంసం ముక్క తింటే నాలుగో ముద్దకు చాలు అనే కడుపు, ఉగ్గానికి నోరెత్తదు. "ఆపరేషన్ చేసింది కడుపుకు ఉమేర్, చేతికి కాదు. చేతి పని నీది" అంది.

తిట్టలేదు. ఏడువందల ఇరవై గ్రాములు తూచినందుకు మెచ్చుకుంది కూడా. పందొమ్మిది నెలల్లో నేను రాసిన మొదటి నిజం లెక్క అదేనట.

నీ తేదీ మానుకోమని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఎనభై ఒకటిని చూసి తీసుకున్న తేదీ కాబట్టి, తొంభై ఒకటిని చూసి మళ్లీ ఆలోచించుకో. అంతే. నరసన్న మామకు కూడా చదివి వినిపించు. నాకు సిగ్గుగా ఉంది, అయినా వినిపించు.

తొంభై ఒక్క కిలోల ఉమేర్

*

ఎమ్మిగనూరు,
22 నవంబరు.

ఒరేయ్,

నాకు తెలుసు.

ఉచ్చీరప్పన్న మోసేది ఉత్తరమొక్కటే అనుకున్నావా? సెప్టెంబరులోనే చెప్పాడు. "మీవోడు ఉప్పు సూస్తాండాడో, ఉగ్గానికి పోటీ పెట్టుకున్నాడో నాకు తెల్దప్పా. నేను ఒక ప్లేటు తినేలోపల మూడుసార్లు అరసెయ్యి నాకినాడు" అన్నాడు. మోత కూలీ తింటూ కూర్చున్నవాడికి కనబడదా? అందుకే కిలోలు అడిగాను. రెండుసార్లు అడిగాను. నువ్వే చెప్పాలని కూర్చున్నాను.

తొంభై ఒకటికి కోపం లేదు. నేను నూట ఇరవై తొమ్మిది, నాకు ఏ మొహం పెట్టుకుని కోపం? ఎనభై ఒకటికి కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. తగ్గినప్పుడు చెబుతాను.

పనికొచ్చే మాట ఒకటి రాస్తాను. మా నాయన నూలుకు రంగు వేసేటప్పుడు రంగు సరిపోయిందా అని నాలుక మీద వేసుకుని చూస్తాడా? చూస్తే మా ఇంట్లో అందరి నాలుకలూ ఎర్రగా, నీలంగా ఉండేవి. నూలు తూచుతాడు, రంగు తూచుతాడు, ఇంత నూలుకు ఇంత రంగు. ముప్పై ఏళ్లుగా ఆ ఎరుపు మారలేదు. ఆయనకిప్పుడు కళ్లు సరిగ్గా కనబడవు, అయినా ఎరుపు మారలేదు. నీ దగ్గర గ్రాముల త్రాసు ఉంది. తిండిని తూచడానికి ఇచ్చినదాన్ని ఉప్పు తూచడానికి వాడు.

నా తేదీ మార్చలేదు, మానలేదు. కానీ ఒకటి తెలుసుకోవాలి. జారినవాడు మళ్లీ లేవగలడా? నేనూ జారుతాను, నా సంగతి నాకు తెలుసు. జనవరి ఇరవై లోపల నువ్వు చెయ్యిని దారికి తెచ్చుకుంటే నేను కర్నూలు బస్సెక్కుతాను. తెచ్చుకోలేకపోతే ఇంకా ఆలోచిస్తాను. నీ మీద భారం వేస్తున్నానని తెలుసు. మోయి. నన్నే మోశావు ఒకప్పుడు, బెంచీ విరిగిన రోజు.

జయరాం

*

ఆదోని,
15 డిసెంబరు, ఆదివారం.

కోపం ఇంకా తగ్గని జయరాం గారికి,

త్రాసు యుద్ధం గురించిన అధికారిక నివేదిక.

మొదటి రోజు. పత్తి సీజను, యార్డు గేటు దాకా ట్రాక్టర్లు. నేను బొరుగులు తూచాను, ఉప్పు తూచాను, బాండలిలో వేశాను, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అబ్బా చూశాడు. "మీ దాదా ఏమన్నాడు? మనం నోట్లో పెట్టుకోంది జనానికి పెడ్తామా? త్రాసుకు నోరుందా బేటా?" అన్నాడు. నేను బదులు చెప్పేలోపు ఉచ్చీరప్పన్న ప్లేటు అందుకున్నాడు. ఒక్క ముద్ద పెట్టుకుని, అట్లాగే ఆగిపోయి, చెంబెడు నీళ్లు తాగి అన్నాడు:

"ఏందప్పా ఇది? ఉగ్గానిలో ఉప్పేసినారా, ఉప్పులో ఉగ్గాని యేసినారా?"

విచారణ జరిగింది. నేను త్రాసును నమ్మి వేశాను. అబ్బా త్రాసును నమ్మక, నేను అటు తిరిగినప్పుడు ఒక పిడికెడు వేశాడు. ఆయన నాలుకకు తెలియదు కాబట్టి చేతి వాటంతో వేశాడు. మారెమ్మత్త మా ఇద్దరినీ నమ్మక తనూ ఒక చారెడు వేసింది. "ఈ పొద్దు నువ్వు సూడలేదు గదా నాయనా, సప్పగుంటాదేమోనని" అంది. ముగ్గురమూ హోటల్ పరువు కాపాడాలనే వేశాం. పరువు ఆ పొద్దు చెత్తబుట్టలో పడింది.

రెండో రోజు నుంచి ఉప్పు డబ్బాకు తాళం. ముందురోజు మధ్యాహ్నమే నేను కూర్చుని ఉప్పు తూచి కాగితంలో పొట్లాలు కట్టి పెడతాను, పద్ధెనిమిది. బాండలికి ఒక పొట్లం. పొట్లం విప్పి వేసేది మారెమ్మత్త, ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒక గ్రాము అటు, ఒక గ్రాము ఇటు జరిపి నాలుగో రోజుకు కుదిరింది. ఉచ్చీరప్పన్న రెండో ప్లేటు అడిగాడు. అది తీర్పు కిందే లెక్క.

చెయ్యి మాత్రం ఉప్పంత సులువుగా వినలేదు. బాండలి దిగిన చప్పుడుకు అదే లేస్తుంది. నేను చెప్పాల్సిన పని లేదు, అది నా దగ్గర సలహా తీసుకోదు. రెండు రోజులు చేతికి దస్తీ గుడ్డ చుట్టుకున్నాను, హమాలీలు దెబ్బ తగిలిందా అని అడిగారు. దస్తీ తీసేశాను. కుడిచేత్తో గరిటె పట్టుకున్నాను, అప్పుడు ఎడమచెయ్యి లేచింది. దానికీ చదువు వచ్చు. చివరికి నా చోటు మార్చుకున్నాను. బాండలి దగ్గర మారెమ్మత్త, బజ్జీల దగ్గర అబ్బా, నేను ప్లేట్లు అందించే చోట. అక్కడినుంచి బాండలికి ఆరడుగులు. ఆరడుగులు నడిచేలోపు నాకు బుద్ధి వస్తుంది. ఎప్పుడూ కాదు, ఎక్కువసార్లు.

రోజుకు ఎన్నిసార్లు చెయ్యి నోటికి పోయిందో గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను. పద్ధెనిమిది, పదకొండు, నాలుగు. అబ్బాతో గొడవైన రోజు తొమ్మిది. తర్వాత రెండు, రెండు, ఒకటి. ఆ తొమ్మిదిని చెరపలేదు. మారెమ్మత్త సున్నం కొట్టబోతే ఆపాను.

అబ్బా ఇంకా ఒప్పుకోలేదు. రుచి బాగుందని ఆయనకు తెలుసు, గల్లా చూస్తేనే తెలుస్తుంది. కానీ దాదా మాట తప్పినట్టు రోజూ మొహం వేలాడేసుకుని కూర్చుంటున్నాడు. ఆయనది మొండితనం కాదు రా. మనం తినంది ఒకరికి పెట్టకూడదన్న మాటలో తప్పేముంది?

ఎనభై తొమ్మిదిన్నర కిలోల ఉమేర్

*

ఎమ్మిగనూరు,
8 జనవరి 2025.

ఉమేరూ,

రెండు వారాల ముందునుంచి మజ్జిగ, పల్చటి సూపు, ప్రొటీన్ పొడి మాత్రమే తీసుకోవాలట. మొదలుపెట్టాను. ఆ పొడి రుచి గురించి నువ్వు నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఎనభై ఒకటి కంటే పెద్ద మోసం ఇది.

నీ ఉత్తరాలన్నీ మా నాయనకు చదివాను. తొంభై ఒకటి చదివాను, ఏడువందల ఇరవై చదివాను, ఉప్పు పొట్లాలు చదివాను. చిలపలు ఆరేస్తూ విన్నాడు. అంతా అయ్యాక, "పెరిగిందని వాడే రాసినాడా?" అని అడిగాడు. వాడే రాశాడన్నాను. చిలప పిండి, తీగ మీద వేసి, సరిచేసి, అప్పుడు అన్నాడు: "తగ్గిందని సెప్పినోని మాట నేను నమ్మలేదు. పెరిగిందని సెప్పినోని మాట నమ్మొచ్చు. పో. నేనూ వస్తా కర్నూలుకు."

నా కోపం కూడా అక్కడే ఎక్కడో ఆరింది.

భయంగా ఉంది. దాచి ప్రయోజనం లేదు కాబట్టి రాస్తున్నాను. నీ దగ్గర జోకు ఏమైనా మిగిలి ఉంటే పంపు.

మీ అబ్బా, మన ఇక్బాల్ మామ, మొహం వేలాడేసుకున్న సంగతి: ఇంటి మనిషి తినాలన్నాడు కదా మీ దాదా. పద్ధెనిమిదిసార్లు తినాలన్నాడా?

జయరాం

*

ఆదోని,
19 జనవరి 2025, ఆదివారం.

రేపు ఆసుపత్రిలో చేరబోతున్న నూట ఇరవై నాలుగు కిలోల జయరాం గారికి,

ఇది ఉచ్చీరప్పన్న ఈ సాయంత్రమే నీ చేతికి ఇస్తాడు. కర్నూలు బస్సులో చదువుకో. అక్షరాలు ఎగరవు, టేబుల్ మీదే రాశాను.

నీ చివరి ప్రశ్న పట్టుకుని పోయి అబ్బాను అడిగాను. "దాదా ఎన్నిసార్లు తినాలన్నాడు?" గల్లా పెట్టె మూసి చెప్పాడు. దాదా కాలంలో పొద్దున దిగేది ఒకటే బాండలి. ఆయన ఆ బాండలి నుంచి ఒక ప్లేటు పెట్టుకుని, బల్ల మీద కూర్చుని, అందరికంటే ముందు తినేవాడట. బాండలీలు పద్ధెనిమిది అయ్యాక, కూర్చునే తీరిక లేక, ప్లేటు అరచేతిలోకి వచ్చింది. మేమే తెచ్చాం. దాన్ని దాదా నెత్తిన పెట్టాం.

నిన్న పొద్దున మొదటి బాండలి దిగింది. మారెమ్మత్త పొట్లం విప్పి వేసి, కలిపి, పక్కకు జరిగింది. నేను చేతులు కడుక్కుని పోయి గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చున్నాను. అబ్బా హోటల్లో నేను పుట్టి పెరిగాను గానీ ఆ బల్ల మీద కూర్చోవడం అదే మొదలు. ముందు తెచ్చుకున్న గుడ్డు తిన్నాను. తర్వాత అబ్బా తనే ప్లేటు తెచ్చి నా ముందు పెట్టాడు. మూడు చెంచాల ఉగ్గాని, మేడం ఒప్పుకున్నది. ప్లేటు మధ్యలో అది ఊరి బయట గుడిసెలాగ ఒంటరిగా ఉంది.

ఇంటి మనిషి తినందే అమ్మకం లేదు కదా. ఒక్కో ముద్ద ఇరవైసార్లు నమలాలి, చెంచా కింద పెట్టాలి, ఆగాలి. హమాలీలు నిలబడ్డారు. ఆటోవాళ్లు నిలబడ్డారు. మొత్తం మార్కెట్ యార్డు నా దవడల వైపు చూస్తోంది. ఇంతమంది ఎదురుగా ఇంత నిదానంగా తిన్నవాడు ఆదోనిలో నేనే అయ్యుంటాను. మొదటి చెంచా అయ్యేసరికి ఉచ్చీరప్పన్న గడియారం చూసుకున్నాడు. రెండో చెంచాకు లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఉప్పు సరిపోయిందో లేదో సెప్పేయ్ నాయనా. బస్సుకు టైమైతాండాది."

"ఉప్పు సూడ్డం లేదన్నా" అన్నాను. "తింటాండా."

ఆయన అబ్బా వైపు తిరిగాడు, ఏదో ఒకటి చెప్పమన్నట్టు. అబ్బా గరిటె పక్కన పెట్టి, ఒక కుర్చీ లాగి ఉచ్చీరప్పన్న వెనకాల వేశాడు.

"కూచో అప్పా" అన్నాడు. "మావోడు తింటాండాడు."

ఎనభై ఎనిమిది కిలోల ఉమేర్